సుద్ద గీతల వెంట నడిచే కుండీలు

మా బాల్కనీ నేలమీద సుద్దముక్కతో గీసిన గీతలు ఆరేడు ఉన్నాయి, ఒక్కొక్క గీత పక్కన ఒక తేదీ రాసి ఉంటుంది. ఇల్లు తుడిచే ఆవిడ మొదట్లో వాటిని తొక్కుడుబిళ్ళ ఆటకు పిల్లలు గీసుకున్నవనుకుని రెండుసార్లు శుభ్రంగా చెరిపేసింది. ఇప్పుడు తడిగుడ్డను వాటి పక్కనుంచి పోనిస్తుంది. కుండీల పెంపకంలో మొదటి రెండేళ్ళు నేను చేసిన పొరపాట్లలో సగానికి పైగా ఈ గీతలు లేకపోవడం వల్ల జరిగినవే.

2017లో మేము ఒడిశాలోని బరంపురంలో ఈ రెండో అంతస్తు ఫ్లాటుకు మారినప్పుడు నాకు అన్నిటికంటె నచ్చినది ఈ బాల్కనీయే. పొడవు పదకొండు అడుగులు, వెడల్పు నాలుగున్నర, దక్షిణ ముఖం. ముందు మూడడుగుల పిట్టగోడ, నెత్తిమీద పైఅంతస్తువారి బాల్కనీ పలక. సాయంత్రమయ్యేసరికి గోపాల్‌పూర్ వైపు నుంచి సముద్రపు గాలి వస్తుంది. ఇచ్ఛాపురం దగ్గరి పల్లెలో పెరడున్న ఇంట్లో పెరిగినదాన్ని కనుక మొక్కల సంగతి నాకు ఒకరు చెప్పనక్కరలేదనుకున్నాను. పెరట్లో మొక్క తనకు కావలసిన నీటికోసం వేళ్ళను ఎంత దూరమైనా పోనిస్తుందని, కుండీలోని మొక్కకు ఆ నీరూ, దానితోపాటు ఎండా కూడా మనమే లెక్కచూసి అందించాలని అప్పటికి నాకు తట్టలేదు.

మొదటి శీతకాలంలో ఎనిమిది టమాటా మొక్కలను పిట్టగోడ వెంట వరసగా, చూడముచ్చటగా పెట్టాను. అవి సన్నగా, పాలిపోయి, గోడపైకి మెడలు చాచినట్టు పొడవుగా పెరిగాయి తప్ప పూత పట్టలేదు. బలం చాలలేదని వేరుసెనగ చెక్క నానబెట్టిన నీళ్ళు పోశాను. ఆకు మరింత పెరిగింది. సంక్రాంతికి వచ్చిన మా అమ్మ మధ్యాహ్నం భోజనమయ్యాక గది తలుపు పక్కనే కుర్చీ వేసుకుని వెచ్చగా కూర్చుని, కాసేపు ఆ వరసను చూసి, "ఎండంతా నా ఒళ్ళో ఉంది, మొక్కలన్నీ గోడ నీడలో ఉన్నాయి, ఇంక పూత ఎలా వస్తుందే?" అంది. బాల్కనీలో బయటి అంచుకు దగ్గరగా ఉన్నదానికే ఎండ ఎక్కువ తగులుతుందని నేను గుడ్డిగా నమ్మాను. శీతకాలపు ఎండ మా పిట్టగోడను దాటి దూకి తలుపు దగ్గర పడుతోంది. గోడ మొదట్లో ఉన్న మొక్కలకు ఆకాశం కనబడుతోంది కాని సూర్యుడు కనబడడం లేదు.

ఆ నెలనుంచే ప్రతి నెలా 21వ తేదీన, మధ్యాహ్నం పన్నెండు గంటల ప్రాంతంలో, పిట్టగోడ నీడ ఎక్కడితో ఆగుతుందో అక్కడ ఒక గీత గీయడం మొదలుపెట్టాను. బరంపురం అక్షాంశం 19 డిగ్రీల చిల్లర, అంటే కర్కాటక రేఖకు దక్షిణాన ఉన్న ఊరు. అందువల్ల సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, మే నెల మధ్యలో ఒకసారి, జూలై చివరి వారంలో ఒకసారి, ఇక్కడ సరిగ్గా నడినెత్తిమీదికి వస్తాడు. ఆ రెండింటి నడుమ రోజుల్లో ఉదయం నుంచి సాయంత్రం వరకూ అతడు మనకు ఉత్తరంగానే నడుస్తాడు కనుక దక్షిణపు గోడమీద నేరుగా ఎండ పడనే పడదు. ఊరంతా ఎండకు మాడిపోతున్న మే నెలాఖరులో నా బాల్కనీ నీడపట్టున ఉంటుంది. చలి వేసే డిసెంబరులో, మధ్యాహ్నపు సూర్యుడు 47 డిగ్రీల ఎత్తునే ఆగిపోయే రోజుల్లో, ఎండ లోపలి గోడదాకా వస్తుంది.

డిసెంబరు గీత పిట్టగోడకు రెండు ముప్పావు అడుగుల దూరంలో ఉంది, మార్చి గీత ఒక్క అడుగు దూరంలో, ఏప్రిల్ గీత బెత్తెడు దూరంలో ఉన్నాయి. అయితే నీడ గోడ దగ్గరికి జరుగుతున్నకొద్దీ పైపలక నీడ కూడా తలుపు వైపు నుంచి ముందుకు వస్తుంది. కాబట్టి ఎండ పడే చోటు డిసెంబరులో తలుపు పక్కన, మార్చిలో బాల్కనీ నడుమ, ఏప్రిల్‌లో గోడను ఆనుకుని ఒక అడుగు వెడల్పున మాత్రమే ఉంటుంది. కుండీలు దానివెంట నడవాలి. ఇంకొక ఉపాయం కూడా ఉంది: కుండీని రెండడుగుల బల్లమీద పెడితే దానికి అడ్డొచ్చే గోడ ఎత్తు ఒక్క అడుగే కనుక, డిసెంబరులో కూడా బాల్కనీలో ఎక్కడ పెట్టినా చాలావరకు ఎండ అందుతుంది. పంచాంగం సంక్రాంతికి ఉత్తరాయణం అంటుంది గాని, నా గీతలు డిసెంబరు మూడో వారం దాటగానే వెనక్కి తిరుగుతాయి. ఈ సంగతి అమ్మ దగ్గర ఇంతవరకు ఎత్తలేదు.

కుండీలు నడవాలంటే బరువు తగ్గాలి. తడిసిన మట్టి లీటరుకు కిలోన్నరకు తగ్గదు, కాబట్టి 20 లీటర్ల పెయింటు డబ్బా నిండా మట్టి పోస్తే ముప్పై కిలోలు తూగుతుంది, దానిని జరపబోతే నా నడుము పట్టేసింది. మన భవన ప్రమాణాలు ఇళ్ళ బాల్కనీలను చదరపు మీటరుకు సుమారు 300 కిలోల భారానికి లెక్కగట్టమంటాయి, అందులో మనుషుల బరువూ కలిసే ఉంటుంది. పెద్ద తొట్టెలు వరసకట్టేవారు ఆ లెక్క ఒకసారి చూసుకోవడం మంచిది. నేను టమాటా, మిరప మొక్కలకు పన్నెండంగుళాల లోతున్న తేలికపాటి డబ్బాలకు, ఆకుకూరలకు ఆరంగుళాల లోతు ట్రేలకు దిగాను; ఎర్రమట్టి ఒక వంతు, పశువుల ఎరువు ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు కలుపుతాను.

ఈ కలపడంలో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. మట్టి గుల్లగా ఉండడానికి ఇసుక కలపాలని ఎవరో అంటే, ఆదివారం షికారుకు వెళ్ళినప్పుడు గోపాల్‌పూర్ సముద్రపుటొడ్డు నుంచి ఒక సంచి ఇసుక మోయించుకొచ్చాను. పదిహేను రోజుల్లో మిరప ఆకుల అంచులు నిప్పుసెగ తగిలినట్టు గోధుమరంగుకు మాడిపోయాయి. ఉప్పు! పైగా అది ఇల్మనైటు వంటి బరువైన ఖనిజాలు కలిసిన ఇసుక. ఛత్రపురం దగ్గర వాటిని ఆ తీరపు ఇసుకనుంచే వేరుచేసి తీస్తారు. తేలిక చేయడానికి తెచ్చినది మట్టిని మరింత బరువెక్కించింది. కొబ్బరి పొట్టులో కూడా ఉప్పు ఉంటుంది కనుక, కొన్నదైనా సరే, బకెట్టులో నానబెట్టి, పిండి, నీళ్ళు మార్చి మళ్ళీ నానబెడతాను. మొదటి నీళ్ళు డికాషను రంగులో దిగుతాయి, మూడో నీళ్ళకు ఆ రంగు పలచబడుతుంది.

డబ్బా అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా దిగుతుందనే మాట చాలాకాలం నేనూ నమ్మాను. నిజానికి సన్నటి మట్టిలోని నీరు పూర్తిగా నిండి బరువెక్కితే తప్ప కిందనున్న పెద్ద ఖాళీల్లోకి జారదు, కాబట్టి రాళ్ళ పొర వేసినకొద్దీ ఆ చిత్తడి వేళ్ళకు ఇంకా దగ్గరకు వస్తుంది. రంధ్రాలు ఎక్కువగా ఉండి, మట్టి కారిపోకుండా వాటిమీద ఒక్కొక్క పెంకుముక్క బోర్లిస్తే చాలు.

ఎండ లెక్క తెలిసిన ఏడాదినుంచి నా సాగు దీపావళితో మొదలవుతుంది. అంతకుముందు మొదలుపెట్టకపోవడానికి కారణం తుపాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు నా రెండు కుండీలు పిట్టగోడమీదనుంచి లోపలికే పడి పగిలాయి. బయటికి పడి ఉంటే కింద ఎవరి తలమీద పడేవో! ఉద్దానంలో కొబ్బరితోటలు కూలిన తీరు చూశాక ఆ రెండు కుండీల మాట ఎత్తడానికే సిగ్గు వేసింది గాని, అప్పటినుంచి గోడమీద ఏదీ పెట్టడం లేదు. సెప్టెంబరు చివర టమాటా నారు చిన్న ట్రేలలో పోస్తాను, గాలి వార్త వినగానే ట్రేలను స్నానాలగదిలోకి చేర్చడానికి పది నిమిషాలు చాలు. నవంబరు మొదట్లో నాటితే సంక్రాంతి నాటికి మొదటి కాయలు ఎరుపెక్కుతాయి.

టమాటా విషయంలో ఎండ ఒక్కటే కాదు, నీరు కూడా లెక్కప్రకారం అందాలి. బడికి వెళ్ళే తొందరలో ఒకరోజు మరచి, మర్నాడు రెట్టింపు పోసే అలవాటు నాకుండేది. కాయల అడుగున రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చలు పడి లోపలికి నొక్కుకుపోయాయి. సున్నం తక్కువైందని కోడిగుడ్డు పెంకులు నూరి వేయమని చాలామంది చెప్పారు. మట్టిలో సున్నం ఉన్నా, నీరు ఒక్క తీరుగా నడవకపోతే అది కాయ కొసదాకా చేరదు. పెంకులు మానేసి, ఉదయం ఆరున్నరకు చెంబు పట్టుకోవడం ఎన్నడూ తప్పకుండా చేశాక మచ్చలు ఆగిపోయాయి.

కొత్తిమీర నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మాత్రమే వేస్తాను. వంటింటి ధనియాలనే గ్లాసు అడుగుతో నెమ్మదిగా ఒత్తితే ఒక్కొక్కటి రెండు బద్దలవుతుంది, రెండూ విత్తనాలే. ఒక రాత్రి నానబెట్టి, అర అంగుళం లోతున చల్లి, పదిరోజులు ఓపిక పడితే మొలకలు తలెత్తుతాయి. పదిహేను రోజులకొక ట్రే వేసుకుంటే కట్టలు కొనే పని ఉండదు. మార్చిలో వేసినది మాత్రం ఆకు పెట్టకముందే పువ్వెత్తుతుంది. వేడి తగలగానే దాని తొందర దానిది. మార్చిలోనే మిరపకు ముడత మొదలవుతుంది: ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. లీటరు నీళ్ళకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం ఆకు అడుగున తగిలేలా కొడతాను, మరీ ముడిచిన కొసలను తుంచేస్తాను.

ఎండ రాని ఆ రెండున్నర నెలలూ బాల్కనీని ఖాళీగా ఉంచేదాన్ని. ఆ ఖాళీని పూరించింది ఎదురింటి మావుసి. ఆవిడ ఒడియా మనిషి, నాకంటె ఇరవై ఏళ్ళు పెద్ద. నీడలో పెరిగేవాటిని నీడలోనే పెట్టాలి గదా అని పుదీనా కొమ్మలూ, వామాకు కొమ్మలూ, బచ్చలి తీగా ఇచ్చింది. బజారు పుదీనా కట్టలో ముదురు కాడలను నీళ్ళ గ్లాసులో నిలబెట్టినా వారానికి తెల్లటి వేళ్ళు వస్తాయని కూడా ఆవిడే చూపించింది. బచ్చలిని ఆవిడ పొయి సాగ అంటుంది, నేను బచ్చలి అంటాను. ఆవ నూరి వండడంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే పద్ధతి. కరివేపాకు ఒక్కటే ఆ నీడకు ఒప్పుకోదు. దానిని ఏప్రిల్ చివర మేడమీదకు మోయిస్తే అక్కడ సీతాకోకచిలుకలు దాని జాడ కనిపెడతాయి. పిట్టరెట్టలా కనిపించే పిల్లపురుగులు నాలుగు రోజుల్లో పచ్చగా వేలంత అవుతాయి, పుల్లతో తాకితే తలమీదనుంచి నారింజ రంగు చీలిక నాలుకలాంటిదొకటి చాచి ఘాటు వాసన కొడతాయి. నాలుగింటిని ఏరి పారేస్తాను, ఒకదానిని మా అమ్మాయి కోసం వదిలేస్తాను.

మొన్న ఆదివారం మార్చి గీత ప్రకారం టమాటా డబ్బాలన్నిటినీ తలుపు దగ్గరనుంచి నడుమకు జరిపాము. ఉగాదికి వచ్చిన అమ్మ ఖాళీ అయిన ఆ చోట కుర్చీ వేసుకుని, ఇప్పుడు ఇక్కడ చల్లగా ఉందే అంటూ వేపపువ్వు ఏరుతూ కూర్చుంది. అక్కడ నేలమీద ఎండ మళ్ళీ అక్టోబరు రెండో వారానికి గాని పడదు. మావుసి తమలపాకు తీగ కొసలు ఇస్తానంది. వాటికోసం ఆ కుర్చీ పక్కనే ఒక కుండీలో మట్టి నింపి పెట్టాను.