రికవరీ వాళ్లతో నా అనుభవం: సెటిల్‌మెంట్ వద్దన్నా, క్లోజ్ చేయించుకున్నా

నిన్న మన అప్పుల చరిత్ర చూపించే సిబిల్ రిపోర్టు తీసి చూస్తే నా మిషన్ లోను దగ్గర "రిటెన్ ఆఫ్" (రాని బాకీ అని కంపెనీ రాసేసుకున్నది) పోయి "క్లోజ్డ్" అని పడింది, బాకీ సున్నా. వేడి మీదున్నప్పుడే రాసెయ్యాలని కూర్చున్నా. మా అనంతపురంలోనే నాకు తెలిసిన ఆడవాళ్లు కొందరు ఇదే బాధలో ఉన్నారు. వాళ్లకు చెప్పే దిక్కు లేదు.

నాది కమలానగర్‌లో టైలరింగ్ షాపు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కోసం ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలో రెండున్నర లక్షలు తీసుకున్నా. కంతులు తప్పకుండా కట్టుకుంటూ వచ్చా. మా ఆయనకు గుత్తి రోడ్డులో యాక్సిడెంటు అయి కాలు విరిగింది. ఆయన సంపాదన ఆగింది, చేతిలో ఉన్నది ఆస్పత్రికి పోయింది. కంతులు ఆగకముందే నేనే బ్రాంచికి పోయి, ఆస్పత్రి కాగితాలు చూపించి, కొంచెం గడువియ్యండి అని అడిగినా. "మా చేతిలో లేదమ్మా, హెడ్డాఫీసు చూసుకుంటుంది" అన్నారు. అర్జీ రాసిస్తే తీసుకోలేదు. లోను ఇచ్చేటప్పుడు ఇంటికొచ్చి సంతకాలు పెట్టించుకున్నోళ్లే వీళ్లు. అదే నాకు ఇప్పటికీ మంట.

కంతులు ఆగినాక మొదట రికవరీ వాళ్ల ఫోన్లు. వాటిని తట్టుకోవచ్చు.

తట్టుకోలేకపోయింది షాపుకొచ్చిన రోజు. శ్రావణమాసం, పెళ్లిళ్ల బ్లౌజులు నెత్తిన ఉన్నాయి. ఒక పెళ్లికూతురు, వాళ్లమ్మ ధర్మవరం పట్టుచీరలు తెచ్చి మగ్గం వర్కుకు డిజైన్లు చూసుకుంటున్నారు. ఇద్దరు మగవాళ్లు వచ్చారు. ఒకడు కస్టమర్ల స్టూలు లాక్కొని కూర్చున్నాడు, ఇంకొకడు వాకిట్లో నిలబడి ఫోనులో వీడియో తీస్తున్నాడు. "ఏమ్మా, ఫోనెత్తే తీరిక లేదు గానీ అడ్వాన్సులు తీసుకునే తీరిక ఉందే!" అని వీధికి వినపడేటట్టు మొదలుపెట్టాడు. లోపలికి రా అన్నా, మాట్లాడుకుందాం అంటే రాడు. మాకు బ్లౌజులిచ్చే ఆ తల్లి వైపు తిరిగి, "ఈమెకు డబ్బులియ్యొద్దక్కా, మా కంపెనీకే ఎగ్గొట్టింది, రేపు పోలీసులొస్తారు, 420 కేసు" అన్నాడు.

ఆమె ఒక్క మాట కూడా అనలేదు. చీరలు మడిచి సంచిలో పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. పదహారేళ్లుగా నా దగ్గర కుట్టించుకున్న ఇల్లు అది. ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ షాపు వాళ్లు, పక్కన టీ బంకు దగ్గరోళ్లు అందరూ చూస్తున్నారు. నా దగ్గర పనిచేసే ఇద్దరు అమ్మాయిలు తలెత్తలేదు. వాళ్ల జీతానికి కూడా ఢోకా అని భయపడ్డారేమో.

అంతటితో పోలేదు. ఆ రాత్రి తొమ్మిది దాటాక మా డ్వాక్రా గ్రూపు లీడరక్కకు ఫోను చేసి, నేను పరారీలో ఉన్నానని చెప్పారు. లోను ఫారంలో రిఫరెన్సుగా ఆమె నెంబరు ఇచ్చినా, అంతే. ఆమె పూచీ పడలేదు, సంతకం చేయలేదు. పాపం ఆ అక్క రాత్రికి రాత్రే మా ఇంటికి వచ్చి, "ఏం పాపా, ఇంత కష్టమైతే మాకు చెప్పకపోతివే" అనింది. ఆమె తిట్టి ఉన్నా అంత ఏడుపు వచ్చేది కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పాల. 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్సు వసూళ్లకు తట్టుకోలేక ఎందరు ఆడవాళ్లు ప్రాణాలు తీసుకున్నారో పేపర్లలో చదివినాం. అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా పోయింది. అప్పు పడటం నేరం కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. ఒక ఆడమనిషిని వీధిలో నిలబెట్టి వసూలు చేయడమే నేరం. ఈ మాట మీ ఇంట్లో అప్పులో ఉన్నవాళ్లకు ఈరోజే చెప్పండి.

లీడరక్క వచ్చిపోయిన మరుసటి రోజు పొద్దున్నే కోర్టు ఆవరణలో ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోయినా. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా లాయరు సలహా ఉచితం, 15100కి ఫోను చేసినా చెబుతారు. అక్కడి లాయరమ్మ నా కాగితాలన్నీ ఓపికగా చదివింది. కొన్నాళ్లు కట్టి, ఆదాయం పోయి ఆగిపోతే అది మోసం కిందికి రాదు, సివిల్ వ్యవహారం అంది. 420 సెక్షన్ ఉన్న పాత చట్టం ఐపీసీయే 2024 జూలై 1 నుంచి లేదు, మోసానికి ఇప్పుడు దాని బదులొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్, ఆ 420 మాట బెదిరింపుకే వాడుతున్నారు అని చెప్పింది. అయితే చెక్కు బౌన్సయినా, ఖాతా నుంచి కంతు తనంతట కట్టయ్యే ఆటో డెబిట్ బౌన్సయినా కేసు వేసే వీలుంది కాబట్టి, కోర్టు నుంచి నిజంగా సమన్లు వస్తే మాత్రం తప్పక పోవాలంది. లోక్ అదాలత్ నోటీసు రాజీకి పిలుపు, అరెస్టుకు కాదు.

2022 ఆగస్టు 12న రిజర్వు బ్యాంకు (ఆర్‌బీఐ) ఇచ్చిన సర్క్యులర్ కూడా ఆమే చూపించింది. పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు. నలుగురిలో అవమానించకూడదు. ఇంట్లోవాళ్ల, స్నేహితుల, రిఫరెన్సు ఇచ్చినవాళ్ల జోలికి పోకూడదు. వచ్చినవాడి దగ్గర గుర్తింపు కార్డు, కంపెనీ ఇచ్చిన ఆథరైజేషన్ లెటరు ఉండాల.

వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు నేను కూర్చున్న చోటి నుంచి లేవలేదు. "కార్డు, లెటరు చూపించండి, నేనూ వీడియో తీస్తున్నా" అన్నా. కార్డు లేదు, లెటరు లేదు. పక్కషాపుల వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. ఇద్దరూ బండెక్కి పోయారు. పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, ఆ రోజు నా గొంతు వణకలేదని గర్వంగానే చెప్పుకుంటా.

ఫిర్యాదు తెలుగులోనే రాసినా. కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకు రిజిస్టర్డ్ పోస్టు, అదే ఫోటో తీసి మెయిలు. తేదీ, టైము, ఏ నెంబరు నుంచి ఏమన్నారు, అన్నీ వరుసగా. 30 రోజులు ఆగితే బదులు లేదు. చండీగఢ్ 17వ సెక్టారులో ఉన్న ఆర్‌బీఐ ఫిర్యాదుల కేంద్రానికి పంపినా. ఇలాంటి ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఏ భాషలో రాసినా తీసుకుంటారు, పైసా ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు. వివరాలకు 14448. ముందు కంపెనీకి రాయకుండా నేరుగా అక్కడికి పోతే వెనక్కి పంపేస్తారు, అది గుర్తుంచుకోండి. అక్కడి నుంచి కంపెనీకి కాగితం పోయాక షాపుకు ఎవరూ రాలేదు. క్షమాపణ ఫోను వచ్చింది. నేను దాన్ని లెటరు మీద ఇయ్యమన్నా, ఇచ్చారు. లీడరక్కకు చూపించినా.

అప్పుడొచ్చింది సెటిల్‌మెంటు. సగం కట్టు, వదిలేస్తాం అన్నారు. వినడానికి బాగుంటుంది. కానీ సిబిల్‌లో "సెటిల్డ్" అని పడితే, మొత్తం కట్టలేదని రేపు ఏ బ్యాంకయినా చూస్తుంది. నాకు ఈ షాపు ఇంకా పెంచుకోవాలని ఉంది. అందుకని నా గొలుసు, గాజులు ఒక ప్రభుత్వ బ్యాంకులో పెట్టి, అసలు, వడ్డీ మొత్తం కడతా, పెనాల్టీలు తగ్గించండి అని రాసినా. తగ్గించారు. చేతిలో నిజంగా ఏమీ లేనివాళ్లు సెటిల్‌మెంటుకు పోవడం తప్పని నేననను, ప్రాణం ముఖ్యం. ఏజెంటు తన ఫోన్‌పేకి వెయ్యమంటే వెయ్యొద్దు. లోను ఖాతాకే కట్టి, రసీదు, బాకీ ఏమీ లేదని ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ చేతికి తీసుకోండి.

అవన్నీ ఉన్నా రిపోర్టులో నెలల తరబడి పాత బాకీయే. కంపెనీ పంపితేనే సిబిల్ మారుస్తుంది. సిబిల్ సైటులో డిస్ప్యూట్ (రిపోర్టులో తప్పుందని ఫిర్యాదు) పెట్టి, సర్టిఫికెట్ జోడించి కంపెనీకి మళ్లీ రాసినా. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇయ్యాలన్న ఆర్‌బీఐ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది, ఆ వాక్యం ఉత్తరంలో పెట్టినా. కదిలారు. సిబిల్ బాగు చేస్తామని అయిదు వేలు, పది వేలు అడిగేవాళ్లను నమ్మొద్దు. ఈ పని ఉచితం.

సిబిల్ లాగా అప్పుల చరిత్ర రాసిపెట్టే బ్యూరోలు ఇంకా మూడున్నాయి: ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఏడాదికొకసారి ప్రతిదాంట్లోనూ పూర్తి రిపోర్టు ఉచితం. నేను నాలుగూ తీసినా. ఒకదాంట్లో ఇంకా పాత బాకీయే చూపిస్తోంది, రేపు దానికి డిస్ప్యూట్ పెడుతున్నా.