నెల్లూరులో హీటర్ రిపేరు

ఆటోనగర్‌లో హీటర్ పని చేయడం లేదని లారీ రావడం అరుదు. ధనుర్మాసంలో కూడా ఇక్కడ 20 డిగ్రీలకు దిగితే మంకీ టోపీలు బయటికొస్తాయి, మన చలి అంతవరకే. ఈరోజు వచ్చింది మాత్రం పొదలకూరులో నిమ్మకాయలు ఎత్తుకుని ఢిల్లీ పోయే బండి. హర్యానా నుంచి సెకండ్ హ్యాండులో కొన్న పాతది కాబట్టి దానికి హీటర్ ఉంది. ఇక్కడ క్యాబిన్ కట్టించిన పాత లారీల్లో దాని ఊసే ఉండదు.

"పోయిన చలికాలం బాగానే వేడొచ్చిందన్నా. ఇప్పుడు ఫ్యాను తిరగతానే ఉండాది, గాలి మాత్రం చల్లగా కొడతా ఉండాది" అన్నాడు డ్రైవరు. ఎవరో బ్లోయర్ మోటారు మార్చమన్నారంట. తిరిగే మోటారును మార్చడమెందుకో!

ఈ హీటరుకు సొంత వేడంటూ లేదు. ఇంజిన్‌లో కాగిన నీళ్ళు రెండు రబ్బరు పైపుల్లో క్యాబిన్ కింది చిన్న రేడియేటర్‌లోకి పోయి తిరిగొస్తాయి, ఫ్యాను దాని మీదుగా గాలి తోలుతుంది. అందుకే నీళ్ళు తక్కువుంటే ముందు చచ్చేది హీటరే. ఇందులో నీళ్ళు నిండుగానే ఉన్నాయి. ఇంజిన్ ఆన్ చేసి పెడితే వేడి చూపించే గేజి ముల్లు మధ్యకొచ్చి నిలబడింది. ఇంజిన్ కాగేదాకా నీళ్ళను పెద్ద రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ మూసుకోకుండా ఉండిపోతే ముల్లు అంత పైకి లేవదు, కాబట్టి దాని తప్పూ లేదు.

ఇక పైపులు పట్టుకుని చూడటమే. రెండూ కాలుతుంటే నీళ్ళు బాగానే తిరుగుతున్నట్టు, గాలి దారి మళ్ళించే రేకు దగ్గర చూసుకోవాలి. ఒకటి కాలి ఇంకోటి చల్లగా ఉంటే లోపల అడ్డం పడినట్టు. ఇవి రెండూ చల్లగా ఉన్నాయి. పైపు వెంబడే కిందికి దూరితే సంగతి బయటపడింది. ఇంజిన్ వైపు పైపులు రెండింటినీ ఇనుప గొట్టం ముక్కతో కలిపి క్లిప్పులు బిగించేశారు. హీటర్ వైపు కొసలు తీగతో కట్టి వేలాడుతున్నాయి.

అప్పుడు డ్రైవరుకు గుర్తొచ్చింది. రోహిణి కార్తెలో కాళ్ళకు సెగ కొడతా ఉందని ఓనరే ఎక్కడో తీయించాడంట. హీటర్‌కు పోయే నీళ్ళను ఆపే వాల్వు సరిగా మూసుకోక వచ్చిన సెగ అది. వాల్వు మార్చుంటే పోయేదానికి పైపులు కోసిపెట్టారు. మా వాళ్ళ పనులు ఇట్టే ఉంటాయి.

కొత్త వాల్వు వేసి పైపులు కలిపాం. వచ్చే పైపు కాలింది, పోయేది గోరువెచ్చనే. ఇన్నాళ్ళూ పోసింది బోరు నీళ్ళు. మన సముద్రం పక్క బోరు నీళ్ళ సంగతి కొత్తగా చెప్పేదేముంది, టీ కాచే గిన్నెకు కూడా పొర కడతాయి. సన్న గొట్టాలు పూడకేం చేస్తాయి? హీటర్ పైపులు విప్పి, నీళ్ళు బయటికొచ్చే వైపు నుంచి ట్యూబు పెట్టి తిరగేసి తోలాం. రాగంబలి రంగులో బురద వచ్చింది, చాలాసేపు. ఎక్కువ ప్రెషర్ పెట్టలేదు, కోరు, అంటే ఆ చిన్న రేడియేటర్, పాతది, పగిలితే క్యాబిన్‌లో నీళ్ళే. ముందు ఉత్త నీళ్ళు పోసి, ఎక్కడా కారలేదని చూసుకున్నాకే కూలెంటు కలిపాం.

ఓనరు ఫోన్‌లో కూలెంటు ఎందుకు, దండగ అన్నాడు. రేపు కశ్మీరుకు యాపిల్ లోడుకు పోతే ఉత్త నీళ్ళు గడ్డకట్టి ఇంజిన్ బ్లాకు పగిలిపోతుంది, సగానికి సగం కూలెంటు కలిపితే మైనస్ 30లోనూ గడ్డకట్టవు అని చెప్పాను. బ్లాకు రేటు చెప్పాక ఒప్పుకున్నాడు.

చివరిగా నీళ్ళ దారిలో ఇరుక్కున్న గాలి తీయడం. బండి ముందు చక్రాలు ర్యాంపెక్కించి, ఇంజిన్ చల్లారాక రేడియేటర్ మూత తీసి, హీటర్ నిండా తెరిచి స్టార్ట్ చేస్తే బుడగలు వస్తూనే ఉన్నాయి. అవి ఆగాక వేడిగాలి కొట్టింది. చెమటలు పట్టి మా కుర్రోడు కిందికి దూకేశాడు.

సీటు కింద సామాన్లు సర్దుతుంటే కుంపటి కనబడింది, బొగ్గుల సంచీతో సహా. హీటర్ రాకపోతే అదే దిక్కనుకున్నాడంట. మూసిన క్యాబిన్‌లో బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్, దానికి వాసనుండదు, పడుకున్నోళ్ళు లేవరు. ఉత్తరాదిన ప్రతి చలికాలం పేపర్లో ఇట్టాంటి వార్త వస్తూనే ఉంటుంది. దించెయ్ అన్నాను. మాట్లాడకుండా దించాడు.

వాల్వు, కూలెంటు డబ్బులు ఇచ్చాడు. మజూరీ తిరిగొచ్చినాక ఇస్తాడంట.