కార్న్ స్ట్రీట్ గడియారం

మంగళవారం.

మధ్యాహ్న విరామంలో సెయింట్ నికొలస్ మార్కెట్‌లో భోజనం చేసి కార్న్ స్ట్రీట్‌లోకి వచ్చాను. ఇంగ్లండ్‌లోని ఈ బ్రిస్టల్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు అక్కడే ఉంది. 1743లో పూర్తయిన ఎక్స్ఛేంజ్ భవనం ముఖద్వారం పైన 1822లో అమర్చిన గడియారం అది. దానికి గంటల ముల్లు ఒకటే, నిమిషాల ముళ్ళు మాత్రం రెండు. ఒకటి గ్రీనిచ్ కాలానిది, అంటే లండన్ కాలానిది; పది నిమిషాలు వెనక నడిచేది బ్రిస్టల్ సొంత కాలానిది.

అప్పుడే కాకినాడ నుంచి నాన్నగారు ఫోన్ చేశారు. విషయం చెబితే, రైల్వేలో పనిచేసిన మనిషి కదా, వెంటనే అడిగారు: "మరి ఏ ముల్లు చూసుకుని రైలెక్కేవారురా?"

అసలు చిక్కంతా అదే. లండన్‌కు పడమరగా ఉన్న ఈ ఊరికి సూర్యుడు నడినెత్తికి రావడానికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. గుర్రబ్బండ్ల కాలంలో ఆ తేడా ఎవరికీ అడ్డు రాలేదు. 1841లో లండన్ నుంచి ఇక్కడిదాకా రైలుమార్గం పూర్తిగా తెరిచారు. రైళ్ళు నడిచింది లండన్ కాలం ప్రకారం. పన్నెండు గంటల రైలు ఊరి లెక్కలో పదకొండు యాభైకే కదిలిపోతుంది. అయినా బ్రిస్టల్ తన కాలాన్ని వెంటనే వదులుకోలేదు. గ్రీనిచ్ కాలాన్ని ఒప్పుకున్నది 1852లో. దేశమంతటికీ అదే చట్టమైంది 1880లో.

దీన్ని మొండితనం అనడం నాకు నచ్చదు. తలమీది సూర్యుణ్ణి నమ్మి తరతరాలు బతికినవాళ్ళు, రైలు కంపెనీ చెప్పగానే మధ్యాహ్నాన్ని పది నిమిషాలు ఎందుకు జరపాలి?

"మన దేశమంతటికీ పెట్టిన కాలాన్ని బొంబాయి 1955 దాకా ఒప్పుకోలేదు కదరా" అన్నారు నాన్నగారు. నిజమే. మన రైళ్ళు కూడా ముందు మద్రాసు కాలం మీదే నడిచేవి. 1906లో వచ్చిన భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మా కాకినాడ చేరువగానే పోతుంది. అందుకే మా ఊరి సొంత కాలానికీ దేశకాలానికీ తేడా సుమారు ఒక్క నిమిషం. గుజరాత్‌లోని ద్వారకలో అది యాభై నిమిషాలు దాటుతుంది.

కాకినాడ టౌన్ స్టేషన్ గడియారానికి కూడా రెండో నిమిషాల ముల్లు ఒకటి ఉండాలని నా కోరిక. తొమ్మిది నిమిషాలు వెనకగా, పాత మద్రాసు కాలం చూపిస్తూ. నాన్నగారు కూడా ఉండాల్సిందే అన్నారు.