రారాజు చెడింది ఘోషయాత్రలోనే

దుర్యోధనుడు ఎక్కడ చెడ్డాడంటే అందరూ మయసభ అంటారు, లేదా సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్న రోజు అంటారు. నన్నడిగితే ఘోషయాత్రే, అంటే ఆవుల మందల్ని చూసే వంకతో అడవికి వెళ్లిన యాత్రే.

అసలు అక్కడికి వెళ్లాల్సిన పనేంటి చెప్పండి. రాజ్యం తన చేతిలో ఉంది, పాండవులు ద్వైతవనంలో నారచీరలు కట్టుకుని తిరుగుతున్నారు. అది చాల్లేదు, తన వైభవం చూసి వాళ్లు కుళ్లుకోవాలి. కర్ణుడూ శకునీ ఎగదోశారు. ఆవుల మందల్ని లెక్కపెట్టి దూడలకు గుర్తులు వేయించాలని ధృతరాష్ట్రుడికి ఓ సాకు చెప్పి, ఆడవాళ్లతో సహా బయల్దేరారు. తీరా సరస్సు దగ్గర గంధర్వులున్నారు. రారాజు వస్తున్నాడు తప్పుకోండని కబురు పెడితే వాళ్లెందుకు తప్పుకుంటారు? యుద్ధమైంది, రథం విరిగి కర్ణుడు పారిపోయాడు, గంధర్వరాజు చిత్రసేనుడు మనవాణ్ణి బందీగా పట్టుకుపోయాడు. భీముడు మంచి పనైందన్నాడు గానీ, ధర్మరాజు అతన్ని మందలించి తమ్ముళ్లందర్నీ పంపాడు. ఎవరి ముందు డాబు చూపిద్దామని వచ్చాడో వాళ్లే విడిపించారు!

ఇలాంటి దుడుకు పనులు ఇంకెప్పుడూ చేయకు, క్షేమంగా ఇంటికెళ్లు అని ధర్మరాజు పంపించేశాడు. తిట్టినా తట్టుకునేవాడేమో, ఆ మంచితనమే కాల్చేసింది. దారిలో దర్భలు పరుచుకుని, తిండీ నీళ్లూ మానేసి చచ్చిపోతాను, రాజ్యం నువ్వే ఏలుకో అని దుశ్శాసనుడితో అన్నాడు.

కర్ణుడి ఓదార్పు చూడండి: వాళ్లు నీ రాజ్యంలో ఉంటున్న వాళ్లు, రాజును కాపాడటం వాళ్ల బాధ్యత, ఇందులో నీకు సిగ్గెందుకూ అని. ప్రాణం నిలబెట్టిన ఉపకారాన్ని పన్ను కట్టించుకున్నట్టు లెక్కేశాడన్నమాట. వ్యాసుడి భారతంలో ఇక్కడ సరైన మాట చెప్పింది ఎవరనుకున్నారు, శకుని! వాళ్లు చేసిన మేలు గుర్తుపెట్టుకుని వాళ్ల రాజ్యం వాళ్లకిచ్చేయ్, అన్నదమ్ముల్లా ఉండు అన్నాడు. జూదం ఆడించినవాడే ఆ మాటన్నాక కూడా దుర్యోధనుడు చావడానికి సిద్ధపడ్డాడు గానీ ఇవ్వడానికి మనసొప్పలేదు. చివరికి దానవులు పాతాళానికి పిలిపించుకుని, నువ్వే గెలుస్తావని ధైర్యం చెబితే గానీ లేవలేదు.

ఇదే మనిషి అంతా పోయాక మడుగులోంచి బయటికొచ్చి, మీలో ఎవరైనా సరే గదతో రండి అన్నాడు. మాలో ఒక్కణ్ణి గెలిచినా రాజ్యం నీదేనని అంతకుముందే మాటిచ్చేసిన ధర్మరాజు మీద, నకులుణ్ణో సహదేవుణ్ణో కోరుకుంటే మన గతేంటని కృష్ణుడు మండిపడ్డాడు కూడా. వాడు కోరుకోలేదు. ఆ ఒక్కచోట నాకు వాడంటే ఇష్టం. తొడలు విరిగిందీ అక్కడే అనుకోండి.