ప్రొబేషన్ మీద విడుదలైన నాకు పాస్‌పోర్టు ఎలా వచ్చిందంటే

నిన్న స్పీడ్ పోస్టులో పాస్‌పోర్టు వచ్చింది. పాత కేసు ఉందన్న భయంతో అప్లై చేయకుండా ఆగిపోయిన వాళ్లుంటే, వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

పొలం గట్టు దగ్గర దాయాదులతో గొడవ, ఐపీసీ 323 (కొట్టి గాయపరచడం) కింద కేసు. నేరం రుజువైందని కోర్టు చెప్పింది కానీ జైలు శిక్ష వేయలేదు. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం సెక్షన్ 4 కింద సత్ప్రవర్తన బాండు రాయించుకుని వదిలింది. బాండు గడువు ఏ గొడవా లేకుండా ముగిసింది.

ఆన్‌లైన్ దరఖాస్తు, 1500 రూపాయల ఫీజు, సేవా కేంద్రంలో ఫొటో, వేలిముద్రలు, అన్నీ సాఫీగా అయిపోయాయి. ఫారంలో శిక్ష గురించి అడిగేది కూడా, గత ఐదేళ్లలో రెండేళ్లు లేదా అంతకు మించి జైలు పడిందా అనే. నాకు అసలు జైలే పడలేదు కాబట్టి ‘లేదు’ అని పెట్టాను.

వచ్చిన చిక్కంతా పోలీస్ వెరిఫికేషన్ దగ్గరే. సాక్షి సంతకాలకి మా వీధి పెద్దాయన్నీ, ఆయన కొడుకునీ వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్లాను. హెడ్ కానిస్టేబుల్ కంప్యూటర్లో నా పేరు కొట్టి, కేసు నంబరూ సెక్షనూ హాలంతా వినపడేలా చదివాడు. “ఏరా, ఇక్కడ కొట్టింది చాలక ఫారిన్ వెళ్లి కొడతావా?” అన్నాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. నన్ను చిన్నప్పట్నుంచీ ఎరిగిన పెద్దాయన, పెన్ను క్యాప్ తీసి పట్టుకుని, సంతకం పెట్టాలా వద్దా అన్నట్టు నా మొహంలోకి చూశాడు. ఆ చూపుకి నాకు ఒళ్లంతా చెమటలు పట్టాయి.

తీర్పు జిరాక్స్ ఇచ్చాను. మొదటి పేజీలో నిందితుడి పేరూ, సెక్షనూ ఉంటాయి. బాండు మీద వదిలిన సంగతి చివరి పేజీలో ఉంటుంది. “సార్, చివరి పేజీ చూడండి” అని బతిమాలాను. ఆయన పిన్ను కూడా తీయలేదు. “కన్విక్షన్ అంటే కన్విక్షనే” అని కాగితాలు నా వైపు నెట్టేశాడు. రిపోర్టు అడ్వర్స్, అంటే నాకు వ్యతిరేకంగా వెళ్లింది.

పార్లమెంటు ఈ ప్రొబేషన్ చట్టం చేసి ఆరు దశాబ్దాలు దాటింది. మనిషి మళ్లీ నలుగురిలో కలిసి బతకాలనే సెక్షన్ 12 పెట్టారు. సెక్షన్ 3 లేదా 4 కింద వదిలిన మనిషికి, ఆ నేర నిర్ధారణ వల్ల వచ్చే అనర్హత ఏదీ అంటదని అందులో స్పష్టంగా ఉంది. బాండు తప్పి తర్వాత అదే నేరానికి శిక్ష పడితే తప్ప. జడ్జి రాసినదాన్ని చదవని మనిషి చేతిలో నా భవిష్యత్తు పెట్టడం ఏం న్యాయం?

పాస్‌పోర్టు ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది. నిజానికి అదే నాకు మేలు చేసింది. ఒక్క పేజీలో జవాబు రాశాను. పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 6(2)(ఇ) ప్రకారం నిరాకరించాలంటే, గత ఐదేళ్లలో నైతిక పతనానికి సంబంధించిన నేరంలో కనీసం రెండేళ్ల శిక్ష పడి ఉండాలి, నాకది వర్తించదు అని రాశాను. కింద ప్రొబేషన్ చట్టం సెక్షన్ 12 పెట్టి, తీర్పు సర్టిఫైడ్ కాపీ జత చేశాను. అక్కడి ఆఫీసరు నేరుగా చివరి పేజీ తీసి చదివాడు. “మీరు” అని పిలిచాడు. అక్కడితో పనైపోయింది.

జిరాక్స్‌ని నమ్ముకోకండి, కోర్టులో సర్టిఫైడ్ కాపీకి ముందే అప్లై చేయండి. ‘మేనేజ్ చేద్దాం’ అనే బ్రోకర్లకి పైసా ఇవ్వకండి. కేసు ఇంకా నడుస్తుంటే లెక్క వేరు, ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగమైతే, అటెస్టేషన్ ఫారంలో కేసుల గురించి అడిగినదేదీ దాచకండి. దాచిపెట్టడమే ఉద్యోగం పోవడానికి కారణం కావచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

స్టేషన్‌లో జరిగినదాని మీద పై అధికారికి ఫిర్యాదు రాసి ఇచ్చాను. అందినట్టు ముద్ర వేయించుకున్నాకే బయటికొచ్చాను.