నెల్లూరులో వత్తు ఏమైంది?

మా తమ్ముడూ నేనూ కావలిలో ఇంట్లో కూర్చుని ఒక స్ట్రాటజీ గేమ్ ఆడుతున్నాం. అందులో కట్టుకున్న నగరాలకు మనమే పేర్లు పెట్టుకోవచ్చు. కొండ మీద కోటకు ఉదయగిరి, రాజధానికి నెల్లూరు, రేవుకు కృష్ణపట్నం అని పెట్టాం. ఉదయగిరి చక్కగా వచ్చింది. నెల్లూరులో మాత్రం ల వత్తు కిందికి దిగలేదు, పొల్లు ల పక్కనే ఇంకో ల వచ్చి నిలబడింది. కృష్ణపట్నం అయితే చదవడానికే లేదు.

"ఫాంట్ మారిస్తే సరిపోతుంది కదన్నా" అన్నాడు వాడు. సరిపోదు. ఫాంట్‌లో అక్షరాలే లేకపోతే డబ్బాలు కనపడతాయి. ఇక్కడ అక్షరాలున్నాయి, వాటిని కలిపి వత్తుగా మార్చే షేపింగ్ అనే పని జరగడం లేదు. అందుకు హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ (ప్రోగ్రాముల్లో కలుపుకునే రెడీమేడ్ కోడ్) ఉచితంగానే దొరుకుతుంది. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వాడేది దాన్నే. అన్ని భాషల లిపులకూ కంప్యూటర్లు వాడే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన ఊరి పేరు ముక్కలై కనపడుతుంటే నాకు నిజంగా బాధేసింది.

ఇదే గేమ్‌లో, విండోస్ స్కేలింగ్ (తెర మీద అన్నీ పెద్దవిగా చూపే సెట్టింగ్) 125 శాతం ఉన్నప్పుడు బటన్ ఒకచోట, క్లిక్ ఇంకోచోట పడే బగ్ కూడా ఉంది. గేమ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో ఉండే కంపాటిబిలిటీ ట్యాబ్‌లో హై డీపీఐ సెట్టింగ్ మారిస్తే అది పోయింది. వత్తుల సమస్య మన చేతిలో లేదు. స్క్రీన్‌షాట్లు జతచేసి తయారీదారులకు రాశాను.

మీలో ఎవరైనా గేమ్‌లు చేస్తుంటే, విడుదలకు ముందు 'రాష్ట్రం', 'స్త్రీ' అని టైప్ చేసి ఒక్కసారి చూడండి.