అడగలేనివారు

పోయిన భాద్రపదంలో ఒక శనివారం ఉదయం మా చెల్లెలిని కాట్పాడి వెళ్ళే రైలు ఎక్కించి తిరుపతి స్టేషను బయటికి వచ్చాను. విష్ణునివాసం అనే యాత్రికుల వసతిగృహం ఎదుట రోడ్డు వారన పూలు అమ్ముకునే ఒకావిడ చెయ్యి ఊపి నన్ను పిలిచింది. పూలు కొనమంటుందేమో అనుకొని దగ్గరికి వెళ్ళాను. ఆమె గొడుగు కింద మరొక ముసలమ్మ కూర్చొని ఉంది. నున్నటి గుండు మీద చందనం ఆరిపోయి పెచ్చులు కట్టింది. ఒడిలో గుడ్డసంచీని రెండు చేతులతో గట్టిగా పట్టుకొని ఉంది. పూలావిడ మాత్రం ఎండలో ఉంది, ఆమె గంపలోని మల్లెలు కూడా ఎండలోనే ఉన్నాయి. వాటి మీద తడిపిన గోనెపట్టా ఒకటి కప్పింది.

"సామీ, ఈయమ్మ పొద్దన్నుంచి ఈడ్నే కూసోనుండాది. ఏమ్మా అంటే ఏం లేదంటాది. సంచిలో చీటీ ఉండాదంట, దాంట్లో ఫోను నంబరు రాసుండాదంట. నాకు సదువు రాదు, రోంత సూడు సామీ" అంది.

ముసలమ్మ వెంటనే "నాకేటీ కాలేదు బాబూ, మావోల్లు వచ్చేత్తారు" అంది. శ్రీకాకుళం వైపు మాట. మెల్లగా కూర్చొని మాట్లాడితే సంగతి తెలిసింది. ఊరివాళ్ళతో కలిసి కొండకు వచ్చి, తలనీలాలు ఇచ్చి, దర్శనం చేసుకొని దిగారు. బస్టాండు ఎదుట ఉన్న శ్రీనివాసంలో గది తీసుకున్నారు. ఈమె తెల్లవారుజామున టీ కోసం బయటికి వచ్చి దారి తప్పింది. ఆమెకు గుర్తున్నది 'నివాసం' అన్న మాట ఒక్కటే కావడంతో ఎవరో ఆటో ఎక్కించి విష్ణునివాసం ముందు దించారు. ఈ రెండు పేర్ల మధ్య తికమకపడి తిరిగే యాత్రికులు మా ఊరిలో రోజూ కనిపిస్తూనే ఉంటారు.

చీటీ మీద పది అంకెలూ ఉన్నాయి గాని, చెమటకు తడిసి చివరి అంకె చెరిగిపోయింది. అది ఒకటో ఏడో తెలియలేదు. ముందు ఒకటి అనుకొని ఫోన్ చేశాను. కర్నూలు యాసలో ఒకాయన పలికాడు. ఫలానా అవ్వ తప్పిపోయి ఇక్కడ కూర్చొని ఉందని రెండు ముక్కల్లో చెప్పాను. తమవాళ్ళెవరూ తిరుపతికి రాలేదని ఆయన అన్నాడు. క్షమించమని పెట్టేశాను. రెండోసారి ఏడుతో చేస్తే ఆమె మనుమడు ఎత్తాడు; మాట పూర్తి కాకముందే ఏడుపు అందుకున్నాడు. పావుగంటలో నలుగురు పరుగెత్తుకుంటూ వచ్చారు.

వాళ్ళు నాకు దండాలు పెట్టారు. నేను చేసింది పది అంకెలు చదవడం. అంతకుముందు గంటన్నరసేపు ఆ ముసలమ్మను చూసుకున్నది పూలావిడ. గొడుగు జరిపింది, కుర్రవాణ్ణి పంపి ఇడ్లీ తెప్పించింది, చీటీ సంగతి మెల్లగా రాబట్టింది, చదవగలిగిన మనిషి కోసం దారిన పోయే ముఖాలు వెతికింది. ఎండలో మల్లెలు ఎంతసేపు నిలుస్తాయో ఆమె కంటే బాగా తెలిసినవారు ఎవరూ ఉండరు. ఆ గొడుగు ఆమెకు ఎంత అవసరమో పూలకూ అంతే అవసరం. ఆ పూట ఆమె బేరంలో ఎంత పోయిందో నేను అడగలేదు, అడిగినా చెప్పి ఉండేది కాదు.

అడగనిదే అమ్మైనా పెట్టదు అని మనకొక సామెత ఉంది. ముప్పైరెండేళ్ళు పాఠాలు చెప్పిన మనిషిగా, అడగడం నేర్చుకోమని పిల్లలకు చెప్పడానికి నేనూ ఆ సామెతను ఎన్నోసార్లు వాడాను. ఇప్పుడు దాన్ని వాడడానికి మనసు ఒప్పడం లేదు. నిజంగా ఇబ్బందిలో ఉన్న పరాయిమనిషి అడగడు. అడగడానికి భాష కావాలి, ఎవరిని అడగాలో తెలియాలి, అడిగితే కసురుకోరన్న నమ్మకం ఉండాలి. అన్నిటికంటే ముందు, నాకు చేతకాలేదు అని నలుగురిలో ఒప్పుకొనే ధైర్యం కావాలి. ఆ ముసలమ్మకు ఇవేవీ లేవు, అందుకే "ఏటీ కాలేదు" అంది. ఆ మాట విని సరేనమ్మా అని వెళ్ళిపోయినవారిలో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. పూలావిడ మాత్రం ఆ మాటను నమ్మలేదు. పరాయివారి పట్ల దయ అంటే నాకు ఇప్పుడు తోచే అర్థం ఇదే: అడగకముందే గమనించడం, గమనించిన తరువాత వారి కథంతా చెప్పించుకోకుండా పని చేసిపెట్టడం.

ఈ రెండోదాన్ని నాకు మొదట చూపించినది మా అవ్వ. అది కూడా నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మా అవ్వగారి ఊరు చంద్రగిరికి ఇవతల, చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చే రోడ్డు వారన ఉండేది. పెరటాసి నెల వచ్చిందంటే, అంటే సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా, తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకున్న యాత్రికులు గుంపులు గుంపులుగా గోవిందనామాలు పలుకుతూ ఆ రోడ్డు మీద కాలినడకన కొండకు వెళ్ళేవారు, ఇప్పటికీ వెళ్తున్నారు. 1970ల చివర నేను బడికి వెళ్ళే రోజుల్లో, ఆ నెలంతా మా అవ్వ వీధితిన్నె మీద ఇసుక పరిచి, దాని మీద తడిగుడ్డ చుట్టిన మజ్జిగకుండ పెట్టేది. నలిపిన నిమ్మాకు, దంచిన అల్లం, కరివేపాకు వేసి, మేము ఇంట్లో తాగేదానికంటే ఎక్కువ ఉప్పు వేసేది. ఎందుకంత ఉప్పు అని అడిగితే, "నడిచే మనిషికి చెమటలో పొయ్యేది నీళ్ళు ఒక్కటేనా?" అనేది. యాత్రికులకు ఆమె భాష పూర్తిగా తెలియదు, ఆమెకు వాళ్ళ భాష సగమే తెలుసు. ఏ ఊరు, ఏమిటోళ్ళు అని ఆమె ఎవరినీ అడగలేదు. చెంబు అందించేది, వాళ్ళు ఎత్తి తాగేవారు, కడిగి బోర్లించి వెళ్ళేవారు.

కాని అదే తిన్నె ముందు మా చేలో కూలికి వచ్చేవారు, మాలపల్లెవారు, దాహానికి వస్తే చెంబు ఇచ్చేది కాదు. వాళ్ళు వంగి దోసిలి పడితే పైనుంచి పోసేది. మజ్జిగ అదే, ఉప్పు అంతే, ఆమె ముఖంలో విసుగు కూడా ఉండేది కాదు. ఎవరో తెలియనివారికి చెంబు, ఎవరో తెలిసినవారికి దోసిలి! పదేళ్ళ వయసులో నేను దీన్ని ఒకసారి అడిగాను. ఆమె జవాబు చెప్పలేదు, కుండ మీద గుడ్డను మళ్ళీ తడపడానికి లోపలికి వెళ్ళింది. తరువాత కొన్నేళ్ళకు మా నాయన చిత్తూరు బజారు నుంచి డజను స్టీలు గ్లాసులు తెచ్చి కుండ పక్కన వరుసగా పెట్టాడు. ఎవరికి వారు ముంచుకొని తాగమన్నాడు. అవ్వ మొదటి రోజు తిన్నె మీదికి రాలేదు, రెండో రోజు వచ్చింది, మూడో రోజు నుంచి ఆ గ్లాసులన్నీ తానే తోమింది. ఆమె మనసులో ఏం జరిగిందో ఎన్నడూ చెప్పలేదు. మా అవ్వ మంచితనాన్ని గురించి చెప్పేటప్పుడు ఆ దోసిలిని దాచిపెట్టి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఎవరు, ఏమిటి అన్నది తెలిసిన తరువాత మారిపోయే దయలో ఎంత కొరత ఉందో ఆ తిన్నె దగ్గరే నేను చూశాను.

తిరుమలలో అన్నప్రసాదం పంక్తిలో కూర్చున్నప్పుడల్లా నాకు ఆ తిన్నె గుర్తుకు వస్తుంది. 1985 ఏప్రిల్ 6న, ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, అక్కడ నిత్యాన్నదానం మొదలైంది. ఇప్పుడది మా పాత చిత్తూరు జిల్లాలోని తరిగొండలో పుట్టిన కవయిత్రి వెంగమాంబ పేరున కట్టిన పెద్ద భవనంలో జరుగుతోంది. అక్కడ పేరు అడగరు, ఊరు అడగరు. కారులో వచ్చినవాడు, మెట్ల దారిన మోకాళ్ళు పట్టుకొని వచ్చినవాడు ఒకే వరుసలో కూర్చుంటారు. నాకు అన్నిటికంటే నచ్చేది మారు వడ్డించే తీరు. విస్తరిలో అన్నం అయిపోతున్నదని చూసి, మనిషి తలెత్తకముందే "సామీ, అన్నం?" అంటూ వచ్చి నిలబడతారు. రెండోసారి అడగడానికి మొహమాటపడే మనిషికి ఆ పిలుపు ఎంత పెద్ద సాయమో, ఆకలితో కూర్చొని చుట్టూ చూసినవారికే తెలుస్తుంది.

ఇవన్నీ రాస్తున్న నేను గమనించి కూడా ఆగకుండా వెళ్ళిపోయిన రాత్రి ఒకటి ఉంది. 2013లో రేణిగుంట రోడ్డు మీద స్కూటరుపై ఇంటికి వస్తుంటే, దారి పక్కన మోటారుసైకిలు పడి ఉంది, దాని పక్కన ఒక యువకుడు పడి ఉన్నాడు. చెయ్యి కదులుతోంది. వేగం తగ్గించాను. పోలీసుస్టేషను, సాక్ష్యం, కోర్టు వాయిదాలు అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. ఎవరో ఒకరు ఆగుతారులే అనుకొని స్కూటరు ముందుకు పోనిచ్చాను. 108కి ఫోన్ అయినా చేయలేదు. ఆ అంబులెన్సు సేవ అప్పటికి ఎనిమిదేళ్ళుగా, 2005 నుంచి, మన రాష్ట్రంలో నడుస్తూనే ఉంది. వెనుక వచ్చిన పాలవ్యాను డ్రైవరు ఆగి అతణ్ణి ఆసుపత్రికి చేర్చాడని, ప్రాణం దక్కిందని మరునాడు వీధిలో విన్నాను. ఆ మాట విన్నప్పుడు కలిగిన ఊరటలోనే నా సిగ్గు కూడా ఉంది.

ఆనాటి నా భయానికి ఇప్పుడు చట్టంలోనే సమాధానం ఉంది కాబట్టి, దాన్ని కొంచెం వివరంగా చెప్తాను. ప్రమాదంలో పడినవారిని ఆదుకొనేవారికి రక్షణగా కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు చట్టంతో సమానమైన బలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఎ అనే సెక్షను చేర్చారు. సదుద్దేశంతో సాయం చేసిన మనిషి మీద, ఆ సాయంలో ఏదైనా పొరపాటు జరిగి బాధితుడికి హాని కలిగినా, సివిలు కేసు గాని క్రిమినలు కేసు గాని ఉండదు. పేరు, చిరునామా చెప్పి తీరాలని పోలీసులు గాని ఆసుపత్రివారు గాని బలవంతం చేయకూడదు. సాక్షిగా ఉండడం మన ఇష్టం మీద ఆధారపడినదే. గాయపడిన తరువాతి మొదటి గంటలో వైద్యం అందితే మరణం తప్పే అవకాశం అన్నిటికంటే ఎక్కువ. ఆ గంటకు అదే చట్టం ప్రత్యేకంగా ఒక నిర్వచనం ఇచ్చింది. ఘాట్ రోడ్డు మీద, చెన్నై రోడ్డు మీద, మదనపల్లె రోడ్డు మీద రోజూ తిరిగే మనకు ఈ నాలుగు మాటలు బడిలోనే నేర్పాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. నేను బడిలో ఉన్నన్నాళ్ళూ నేర్పలేకపోయాను.

నేను ఇప్పుడు చేసేవి చాలా చిన్న పనులు. బ్యాంకుకు వెళ్తే జేబులో రెండు పెన్నులు ఉంటాయి. చీటీ నింపలేక గోడవారన నిలబడిన పెద్దవారు మనల్ని పిలవరు, మన చేతిలోని పెన్ను వైపు చూస్తారు. ఆ చూపు అందితే చాలు, నేనే వెళ్ళి కూర్చుంటాను. రాసిచ్చేటప్పుడు అంకెలు పైకి చదవను. వారి ఖాతాలో ఎంత ఉందో వరుసలో నిలబడినవారికి తెలియనవసరం లేదు. దారి అడిగిన యాత్రికులకు చేత్తో చూపించి ఊరుకోకుండా మలుపు దాకా నడుస్తాను. దుప్పటి ఇస్తూ, అన్నం పొట్లం ఇస్తూ ఫోనులో వీడియో తీయించుకోవడం ఈ మధ్య బాగా ఎక్కువైంది. ఇచ్చేవారి మనసు మంచిదే కావచ్చు, కాని తీసుకునే మనిషి ముఖం ఊరంతా చూస్తుంది. ఆకలికి వెలగా ముఖం చూపించమనడం నాకు ఎప్పటికీ సరి అనిపించదు.

ఆ శనివారం సాయంత్రం మళ్ళీ స్టేషను వైపు వెళ్ళాను. పూలావిడ గంపలో కొన్ని వాడిన మల్లెలు మిగిలాయి, వాటినే మూర కొలిచి కడుతోంది. రెండు మూరలు తీసుకున్నాను. "ఆయమ్మ రైలెక్కేముందు మళ్ళా వచ్చి నా గదవ పట్టుకోని పోయింది సామీ" అని చెప్పింది.

రాత్రి పది దాటిన తరువాత, దీపాలు ఆర్పి పడుకోబోతుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తితే కర్నూలు యాస.

"అన్నా, పొద్దున ఎవరో అవ్వ తప్పిపోయిందని ఫోన్ చేసినారు కదా. పగలంతా పనిలో పడి అడగలేకపోతిని. వాళ్ళోళ్ళు దొరికినారా?"

దొరికారని, మనుమడు వచ్చి తీసుకువెళ్ళాడని, ఈపాటికి రైలులో ఉంటుందని చెప్పాను.

"సరే అన్నా, అట్లయితే ఇంక పండుకుంటా" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.